పదవీ విరమణ శిక్షణ నిర్వాహకులకు బహిరంగ లేఖ: ఆ తర్వాత వచ్చే సోమవారం సంగతి

ఉద్యోగ విరమణకు దగ్గరపడినవారికి అవగాహన తరగతులు నడిపే అధికారులకూ, పెద్దల సంఘాలకూ పగటి కేంద్రాలకూ బాధ్యులుగా ఉన్నవారికీ నమస్కారాలు.

మీ తరగతుల కార్యక్రమం ఎక్కడ చూసినా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ఉదయమంతా డబ్బు సంగతి: పెన్షన్ లెక్కలు, పొదుపు, నామినీలు, వీలునామా. మధ్యాహ్నం ఒంటి సంగతి: రక్తపోటు, మోకాళ్లు, కళ్లు, నిద్ర. చివర్లో అరగంట మిగిలితే ఒక వక్త వచ్చి, ఇన్నాళ్లూ ఇతరుల కోసం బతికారు, ఇకనైనా మీకోసం బతకండి, ఏదో ఒక హాబీ పెట్టుకోండి అని చెప్పి వెళ్లిపోతారు. ఈ లేఖ ఆ అరగంట గురించే. పెద్దవయసువారితో కలిసి పనిచేసేవాళ్లుగా మేము కోరేది ఒకటి. ఆ అరగంట తీసేసి, విరమణకు ఆరు నెలల ముందు మొదలై ఆ తర్వాత తొమ్మిదో నెల దాకా సాగే పనిని దాని స్థానంలో పెట్టండి. దానికి కావలసింది ఒక గది, ఏడెనిమిది కుర్చీలు, కాగితాలు, ఫోన్ చేసే ఓపిక ఉన్న ఒక మనిషి.

విరమణతో ఏం పోతుందో ముందు సరిగ్గా చెప్పాలి. 1930ల మొదట్లో ఆస్ట్రియాలోని మారియెంతాల్ అనే ఊళ్లో బట్టల మిల్లు మూతపడ్డాక అక్కడి జీవితాన్ని సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త మారీ యహోదా, ఆమె సహచరులు దగ్గరగా గమనించారు. కావలసినంత తీరిక దొరికింది కదా, జనం బాగా చదువుకుని ఉంటారని అనుకుంటాం. జరిగింది వేరు. గ్రంథాలయం నుంచి పుస్తకాలు తీసుకెళ్లడం బాగా తగ్గిపోయింది. వీధిలో మగవాళ్ల నడక నెమ్మదించింది. రోజంతా ఏం చేశారో రాయమంటే చాలా గంటలకు లెక్క చెప్పలేకపోయారు. ఉద్యోగం జీతంతోపాటు మరో ఐదింటిని ఇస్తుందని యహోదా తర్వాతి కాలంలో తేల్చి చెప్పారు. రోజుకొక చట్రం, ఇంటివాళ్లు కాని మనుషులతో రోజువారీ పరిచయం, పదిమంది కలిసి సాధించే పనిలో మన వంతు, సమాజంలో ఒక గుర్తింపు, ఇష్టమున్నా లేకున్నా కదలక తప్పని పరిస్థితి. అది ఉపాధి కోల్పోయినవారి మీద చేసిన పరిశోధన. విరమణ అంత కఠినమైనది కాదు, పూట గడవదన్న బెంగ చాలామందికి ఉండదు. అయినా ఆ ఐదూ వీడ్కోలు సభ జరిగిన సాయంత్రమే ఒక్కసారిగా ఆగిపోతాయి. పెన్షన్ వాటిలో ఒక్కదాన్నీ తెచ్చివ్వదు.

కాబట్టి మొదటి తరగతిలో ప్రతి ఒక్కరికీ ఐదు వరుసలున్న కాగితం ఇవ్వండి. ఒక్కో వరుసలో రెండు గళ్లు. ఇప్పుడు ఇది నాకు ఎక్కడినుంచి వస్తోంది, విరమణ తర్వాత ఎక్కడినుంచి వస్తుంది. రెండో గడిలో మనిషి పేరో, స్థలమో, వారంలో ఏ రోజో రాయాలి. 'స్నేహితులు', 'సమాజసేవ', 'ఆధ్యాత్మికత' వంటి మాటలు రాస్తే ఆ గడి ఖాళీగా ఉన్నట్టే లెక్క. ఆ ఖాళీలను అక్కడికక్కడే నింపమని ఒత్తిడి చేయకండి. తొందరపెడితే పక్కవారి కాగితం చూసి రాసేస్తారు.

ఇంకొక మాట. 'మీ జీవితానికి అర్థమేమిటి', 'మీ లక్ష్యమేమిటి' అని నేరుగా అడగడం మానండి. అరవై దాటిన మనిషిని నలుగురిలో అలా అడిగితే రెండే జవాబులు వస్తాయి: ఎవరో పెద్దలు చెప్పిన మాట, లేదంటే మౌనం. ఆ మౌనం వెంట నాకేమీ లేదేమోనన్న దిగులు కూడా ఇంటికి వెళుతుంది. దాని బదులు, 'వారంలో ఏ రోజు, ఏ గంటకు మీరు రాకపోతే ఎవరి పని ఆగుతుంది?' అని అడగండి. దీనికి జవాబు చెప్పవచ్చు, లేకపోతే వెతుక్కోవచ్చు. పెద్దవయసులో దారి ముందుగా ఆలోచనలో తేలి, ఆ తర్వాత పనిలోకి రావడం అరుదు. ఎక్కువగా పని ముందు వస్తుంది. ఇది నాది అన్న భావం కొన్ని వారాల తర్వాత దాని వెనక వస్తుంది. మా లేఖలో మిగతాదంతా ఈ ఒక్క మాటను ఆచరణలో పెట్టే పద్ధతే.

విరమణకు ఆరు నెలల ముందు డైరీతో మొదలుపెట్టండి. వరుసగా 14 రోజులు రాయాలి. ఒక్క వారం చాలదు, ఆ వారంలో పెళ్లో జ్వరమో పడితే లెక్కంతా తప్పుతుంది. మధ్యాహ్నం, సాయంత్రం, పడుకునే ముందు, రోజుకు మూడుసార్లు. ప్రతిసారీ గడిచిన గంటల్లో చేసిన ముఖ్యమైన పని, పక్కన ఎవరున్నారు, అది చేశాక ఉత్సాహం పెరిగిందా తగ్గిందా, అది చేయకపోతే ఎవరైనా గమనించేవారా అన్న నాలుగే విషయాలు. అన్నీ రాత్రికి కలిపి రాద్దామనుకున్నవాళ్ల డైరీ పనికిరాదు. అలసటలో రోజంతా ఒకే రంగులో కనిపిస్తుంది. రెండు వారాలయ్యాక ఉత్సాహం పెరిగినవి, ఎవరో ఒకరు గమనించినవి రెండూ కలిసిన చోట గీత గీయమనండి. చాలామందికి అక్కడ ఆశ్చర్యం ఎదురవుతుంది. వాళ్లు గొప్పగా చెప్పుకునే బాధ్యతలు ఆ గీత కిందికి రావు. కొత్తగా చేరిన కుర్రాడికి ఫైలు ఎలా చదవాలో నేర్పిన ఇరవై నిమిషాలు వస్తాయి.

తర్వాతది జ్ఞాపకాల పని. దీనిమీద కొంచెం ఎక్కువ చెబుతాం, ఎందుకంటే ఇది సరిగ్గా జరిగితే మిగతావన్నీ తేలికవుతాయి, తప్పుగా జరిగితే హాని చేస్తుంది. పెద్దవాళ్లు పాత సంగతులు తవ్వుకోవడం మతిమరుపుకు గుర్తని వైద్యులే అనుకునే రోజుల్లో, 1963లో, అమెరికన్ మనోవైద్యుడు రాబర్ట్ బట్లర్ దాన్ని తిరగరాశారు. జీవితం చివరి భాగంలో గడిచినదాన్ని తిరిగి చూసుకుని, తెగని ముడులను విప్పుకోవడం మనసు సహజంగా చేసే పని అన్నారాయన. తర్వాత అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ బిర్రెన్ దాన్ని బృందంలో చేసే పద్ధతిగా మలిచారు. ఆరుగురు లేదా అటూ ఇటూగా ఒక బృందం, వారానికి ఒక అంశం, ఇంటిదగ్గర రెండు పేజీల రాత, కలిసినప్పుడు పైకి చదవడం. జీవితంలో మలుపులు, కుటుంబం, చేసిన పని, డబ్బుతో సంబంధం, ఆరోగ్యం, మరణం గురించిన ఆలోచనలు, నమ్మకాలు, ఇలా అంశాలు సాగుతాయి. మీరు ఎనిమిది నుంచి పది వారాలు పెట్టుకుంటే చాలు. రెండు గంటల సమావేశంలో ఒక్కొక్కరికి పదేసి నిమిషాల చదువు, ఐదేసి నిమిషాల స్పందన. ఆరుగురు దాటితే ఆఖరివాళ్లకు ఎప్పుడూ సమయం మిగలదు, వాళ్లు మూడో వారం నుంచి రావడం మానేస్తారు.

రెండు పేజీల హద్దును సడలించకండి. హద్దు లేకపోతే మాటకారులు గంటసేపు చదువుతారు, మొహమాటస్తులు ఏమీ తేరు. వినేవాళ్లకు మూడే నియమాలు. సలహా ఇవ్వకూడదు, తప్పొప్పులు ఎంచకూడదు, 'నాకైతే' అని మొదలుపెట్టి మాటను తమ కథలోకి లాగకూడదు. రాయడం రానివారు, చూపు మందగించినవారు నోటితో చెప్పవచ్చు. ఫోన్‌లో రికార్డు చేసి ఎవరైనా రాసిపెట్టవచ్చు.

ఇక్కడ ఎదురయ్యే మొదటి చిక్కు, రాసేది జీవితం కాకుండా సర్వీసు రికార్డు అవడం. చేరిన తేదీలు, ప్రమోషన్లు, అందుకున్న ప్రశంసలు. దీన్ని మందలించి మార్చలేం, ప్రశ్న మార్చి మార్చాలి. 'ఆ మలుపు దగ్గర మీరు పట్టకుండా వదిలేసిన దారి ఏది?', 'ఆ సమయంలో మీ నిర్ణయం నచ్చనివారు ఎవరు?', 'ఏ పని చేస్తున్నప్పుడు టైము తెలిసేది కాదు?' అని ముందే రాసివ్వండి. రెండో చిక్కు లోతైనది. ఒకరు రాస్తూ రాస్తూ పాత గాయం దగ్గర ఆగిపోతారు, ప్రతి వారం అక్కడే తిరుగుతారు. జ్ఞాపకం చేసుకోవడం వేరు, నెమరేసుకుని కుమిలిపోవడం వేరు. మొదటిదానిలో ప్రతిసారీ ఏదో ఒక కొత్త వివరం వస్తుంది. రెండోదానిలో అవే వాక్యాలు, అదే చివరి మాట. రెండోది కనిపిస్తే ఆ మనిషిని బృందంలో కొనసాగించకుండా విడిగా మాట్లాడి, సలహాదారు దగ్గరికో వైద్యుల దగ్గరికో పంపాలి. ఏ అంశాన్నైనా కారణం చెప్పకుండా వదిలేసే హక్కు ఉందని మొదటి రోజే చెప్పండి. ఇటీవలే భార్యనో భర్తనో పోగొట్టుకున్నవారిని ఈ బృందంలోకి తొందరపడి చేర్చకండి. వాళ్లకు కావలసిన తోడు వేరు.

చివరి సమావేశంలో రాతలన్నీ ముందు పెట్టుకుని హోదాల పేర్లన్నీ కొట్టేయమనండి. మిగిలినవాటిలో చేసిన పనుల కింద గీత గీయమనండి. మేనేజరు పోతాడు, తగవు పడ్డ ఇద్దరిని ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడం మిగులుతుంది. అకౌంటెంటు పోతారు, పది పేజీల్లో ఒక్క తప్పును పట్టుకోవడం మిగులుతుంది. మూడు నాలుగు దశాబ్దాల పొడవునా తిరిగి తిరిగి వచ్చిన అలాంటి పనులు ఒక్కొక్కరికి మూడో నాలుగో తేలతాయి. దారి వెతకడానికి ఇవే గుర్తులు.

విరమణ తర్వాత మొదటి మూడు నెలలకు మా సలహా తక్కువ చేయమని. సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ ఆచ్లీ 1976లో విరమణకు దశలు గుర్తించారు. మొదట సెలవుల్లాంటి సంబరం, తర్వాత నిరుత్సాహం, ఆపైన కొత్తగా దారి సరిచేసుకోవడం, చివరికి కుదురు. అందరికీ ఇదే వరుసలో జరగదు, కొందరికి సంబరమే ఉండదు. కానీ సంబరంలో ఇచ్చిన మాటలే నిరుత్సాహంలో మెడకు చుట్టుకుంటాయన్నది మాత్రం పదేపదే కనిపిస్తుంది. సంఘానికి కోశాధికారి పదవి, అపార్ట్‌మెంటు కమిటీ, బంధువుల స్థలం తగాదా, అన్నీ మొదటి నెలలోనే నెత్తినపడతాయి. 'ఇప్పుడు ఖాళీగానే ఉన్నారు కదా' అన్న మాటకు ముందే జవాబు సిద్ధం చేసుకోమనండి: 'మూడు నెలల దాకా కొత్తవేవీ ఒప్పుకోవడం లేదు.' దాన్ని తరగతిలో పైకి అనిపించి సాధన చేయించండి. ముప్పై ఏళ్లు అధికారం చేసినవాళ్లకు కూడా 'కాదు' అనడం ఇంటి దగ్గర రాదు.

నాలుగో నెలలో ప్రయత్నాలు మొదలవ్వాలి. ఒక్కసారికి ఒకటి, మహా అయితే రెండు. ఒక్కో ప్రయత్నం ఆరు వారాలు, వారానికి రెండు నుంచి నాలుగు గంటలు. మూడు లక్షణాలు తప్పనిసరి: ఎదురుచూసే ఒక మనిషి, కచ్చితమైన రోజూ గంటా, ఎప్పుడు ముగుస్తుందో ముందే తెలిసిన తేదీ. మూడోది చాలామంది మరచిపోతారు. ముగింపు తేదీ లేకపోతే నచ్చని పనిని మొహమాటం కొద్దీ ఏడాది మోస్తారు, లేదా చెప్పకుండా మానేసి ఆ దారి కూడా మూసుకుంటారు. ఆరు వారాల తర్వాత అడగవలసినవి: వెళ్లే ముందు రోజు ఎలా ఉంది, తిరిగి వచ్చాక ఎలా ఉంది, నేను లేని వారం వాళ్లేం చేశారు.

'సలహాదారు'గా ఉండమన్న ఆహ్వానాలను నమ్మకండి. అనుభవానికి గౌరవంగా ఇచ్చే ఆ కుర్చీలో చేసే పని ఉండదు. మూడు సమావేశాలయ్యాక ఎవరూ ఫోన్ చేయరు, గాయం మాత్రం మిగులుతుంది. స్వచ్ఛంద సంస్థల విషయంలో రెండోసారి వెళ్లినప్పుడు చూడమనండి: మీకోసం పని సిద్ధంగా ఉందా, లేక మీరు వచ్చాక ఏం చేయించాలా అని ఆలోచిస్తున్నారా? రెండోదైతే ఇంకోచోటు చూసుకోవడం మేలు. అమెరికాలోని బాల్టిమోర్‌లో ఎక్స్‌పీరియన్స్ కోర్ అనే కార్యక్రమం అరవై దాటినవారిని ప్రాథమిక పాఠశాలల్లో పిల్లల చదువుకు తోడుగా పెట్టింది. వారానికి కనీసం 15 గంటలు, ముందు శిక్షణ, ఒక్కో బడికి ఒక్కరిని కాకుండా ఒక బృందాన్నే పంపడం దాని పద్ధతి. ఒంటరిగా పంపితే అతిథిగా ఉండిపోతారు. బృందంగా పంపితే ఆ బడి వాళ్లదవుతుంది. అన్ని గంటలు అందరికీ అక్కర్లేదు. స్వచ్ఛంద సేవ మీద జరిగిన పరిశోధనల్లో ఏడాదికి దాదాపు 100 గంటలు, అంటే వారానికి రెండు గంటల పని చేసేవారిలో మేలు కనిపించింది. ఇక్కడ ఒక జాగ్రత్త. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే ఎక్కువగా సేవకు వస్తారు కాబట్టి మేలంతా సేవ వల్లే అని చెప్పలేం. అలాగే 2010లో షికాగో పరిశోధకులు జీవితంలో ఉద్దేశం బలంగా ఉన్న వృద్ధుల్లో అల్జీమర్స్ రావడం తక్కువని చూపారు. అది కూడా కలిసి కనిపించే సంబంధమే, మందు కాదు. మీ వక్తలు దాన్ని 'లక్ష్యం ఉంటే మతిమరుపు రాదు' అని చెబుతుంటారు. చెప్పనివ్వకండి. ఆ మాట విని ఇంట్లో మతిమరుపు ఉన్న మనిషి లక్ష్యం లేక అలా అయ్యారనుకునే కుటుంబాలుంటాయి.

మనవల పెంపకం, జబ్బుపడ్డవారి సేవ గురించి మీ తరగతుల్లో ఎవరూ మాట్లాడరు. ఎంతోమందికి విరమణ తర్వాతి మొదటి పని అదే, అదీ ఎవరూ అడగకుండానే వచ్చిపడుతుంది. దానిలో గొప్ప తృప్తి ఉంది. అది మొత్తం వారాన్ని మింగితే మాత్రం తృప్తి చిరాకుగా మారుతుంది, ఆ చిరాకును చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. పరిష్కారం సాదాసీదాది. ఏ రోజులు, ఏ గంటలు అన్నది పిల్లలతో కూర్చుని కాగితం మీద రాసుకోవడం, వారంలో ఒక పూట దానికి బయట ఉంచుకోవడం. ఈ సంభాషణ విరమణకు ముందే జరగాలి. పనిలో పడ్డాక దాన్ని మొదలుపెడితే ఫిర్యాదులా వినిపిస్తుంది.

దారి కనిపించడం లేదన్న ప్రతి మనిషికీ అర్థం కరువైందనుకోవద్దు. మనుషుల మీద ఆసక్తి పోయిందనేవారికి ముందు వినికిడి పరీక్ష చేయించండి. నలుగురు మాట్లాడుకుంటుంటే సగం వినపడని మనిషి నవ్వి ఊరుకుంటారు, తర్వాత రావడం మానేస్తారు, చివరికి తనకే విరక్తి పుట్టిందనుకుంటారు. థైరాయిడ్ లోపం, బీ12 లోపం, కొన్ని మందులు కూడా మనిషిని ఇలాగే నీరసంగా, నిరాసక్తంగా చేస్తాయి. రెండు వారాలు దాటి దాదాపు రోజంతా దిగులుగా ఉండటం, ఒకప్పుడు ఇష్టమైనవాటిలో కూడా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి మారిపోవడం ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. వృద్ధుల కోసమే తయారైన 15 ప్రశ్నల పరీక్ష ఒకటుంది, అవును కాదు అని చెబితే చాలు. మార్కు ఐదు దాటితే వైద్యుల దగ్గరికి వెళ్లాలి. అలాంటి మనిషిని సేవాకార్యక్రమానికి పంపడం తప్పు, అక్కడ కూడా చేయలేకపోయానన్న భారం అదనంగా మీద పడుతుంది. బతకాలని లేదన్న మాట వస్తే దాన్ని వయసు మాటగా కొట్టిపారేయకండి. ప్రపంచవ్యాప్తంగా ఆత్మహత్యల రేటు డెబ్భై దాటినవారిలోనే ఎక్కువ. 'చనిపోవాలనిపిస్తోందా?' అని నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా ఆ రోజే వైద్యసాయం అందేలా చూడండి.

శక్తి తగ్గుతున్నకొద్దీ దారి మార్చుకోవడం ఎలాగన్నది మనస్తత్వ శాస్త్రవేత్తలు పాల్, మార్గ్రెట్ బాల్టెస్ బాగా చెప్పారు. ఎంచుకోవడం, సానబెట్టుకోవడం, లోటు పూడ్చుకోవడం. వాళ్లు ఉదాహరణగా చూపింది పియానో విద్వాంసుడు ఆర్థర్ రూబిన్‌స్టైన్‌ని. ఎనభై ఏళ్ల వయసులో కూడా అంత బాగా ఎలా వాయిస్తున్నారని అడిగితే ఆయన చెప్పినవి మూడు. తక్కువ రచనలు ఎంచుకుంటాను, వాటిని ఎక్కువసార్లు సాధన చేస్తాను, వేగంగా వాయించాల్సిన చోటికి ముందు కొంచెం నెమ్మదిస్తాను, దాంతో ఆ తర్వాతది వేగంగా వినిపిస్తుంది. మీ బృందాల్లో దీన్ని ఏడాదికోసారి చేయించండి. చేస్తున్న పనుల్లో ఏది వదిలేయాలి, మిగిలినదానిలో ఏది ఇంకా బాగా చేయాలి, ఏ సాధనమో ఏ మనిషి సాయమో కావాలి. వదిలేయడం మనిషికి కష్టం కాబట్టి దాన్ని మొదట అడగండి. ఎవరికి అప్పగిస్తారో కూడా రాయించండి. పేరు లేని అప్పగింత జరగదు.

మంచం పట్టినవారినీ సంరక్షణ గృహాల్లో ఉన్నవారినీ మీ పరిధిలోంచి తీసేయకండి. 1976లో మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ ఒక సంరక్షణ గృహంలో చిన్న ప్రయోగం చేశారు. ఒక అంతస్తువారికి తమ రోజును తామే నిర్ణయించుకోవచ్చని చెప్పి, మొక్కను ఎంచుకుని దాన్ని తామే చూసుకోమన్నారు. ఇంకో అంతస్తువారికి అన్నీ సిబ్బందే చూసుకుంటారని చెప్పి మొక్క చేతికిచ్చారు, నీళ్లు నర్సులు పోశారు. మూడు వారాలకే మొదటివారిలో చురుకుదనం, సంతోషం ఎక్కువగా కనిపించాయి. అది కొద్దిమంది మీద చేసిన ప్రయోగం, అయినా సిబ్బంది గుర్తుంచుకోవలసిన సంగతి అందులో ఉంది. పని చేతికి ఇచ్చి మళ్లీ మీరే చేసేస్తే అది ఇచ్చినట్టు కాదు. మొక్కకు నీళ్లు ఒలికినా, తువ్వాళ్లు వంకరగా మడతపెట్టినా, వెంటనే సరిచేయకండి.

ఇక ఎక్కువ కాలం లేనివారికి కెనడా మనోవైద్యుడు హార్వే చొచినోవ్ రూపొందించిన పద్ధతి ఒకటుంది. మీరు ఎప్పుడు బాగా బతికారనిపించింది, మీవాళ్లు మీ గురించి ఏం తెలుసుకోవాలి, ఇంకా చెప్పవలసిన మాటలేమైనా ఉన్నాయా వంటి కొద్ది ప్రశ్నలతో ముప్పై నుంచి అరవై నిమిషాలు మాట్లాడించి రికార్డు చేస్తారు. దాన్ని రాసి, శుభ్రం చేసి, మళ్లీ వారికే చదివి వినిపిస్తారు. మార్పులు చేశాక ఎవరికివ్వాలో వారే చెబుతారు. చదివి వినిపించే మెట్టును వదలకండి. కోపంలో అన్న ఒక వాక్యం ఒక కూతురి చేతికి శాశ్వతంగా చేరిపోవచ్చు. మూడు నాలుగు రోజుల్లో పూర్తిచేయాలి, అంతకుమించి ఆలస్యమైతే మనిషి ఓపిక నిలవకపోవచ్చు.

చివరిగా ఫోన్ల సంగతి. విరమణ తర్వాత మూడో నెలలో ఒకసారి, తొమ్మిదో నెలలో ఒకసారి ప్రతి ఒక్కరికీ ఫోన్ చేయండి. 'బాగున్నారా' అంటే 'బాగున్నాం' అంటారు, అక్కడితో అయిపోతుంది. 'పోయిన మంగళవారం ఉదయం ఏం చేశారు?' అని అడగండి. గుర్తు లేదంటే ఇంకో రోజు గురించి అడగండి. రెండిటికీ జవాబు రాకపోతే వారంలోపు కలిసి, మొదటి తరగతిలో రాసిన ఐదు వరుసల కాగితం మళ్లీ తీయండి. ఈ ఫోన్లకు కొత్తగా మనిషిని పెట్టనక్కర్లేదు. ఏడాది క్రితం రిటైరైన బ్యాచ్‌లో ఒకరికి పదిమంది పేర్లు, నంబర్లు ఇచ్చి, ఏ రోజు ఏ గంటకు చేయాలో రాసివ్వండి.